మా ఆయనకు కనబడిన ఎరుపు

దయ్యాలు, గాలి సోకడం లాంటి మాటలు వింటే నాకు నవ్వొచ్చేది. ఇప్పటికీ నమ్మను. మా ఇంట్లో జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను.

మాది యూసుఫ్‌గూడ. సినిమా బట్టలకు రంగులు వేయడం మా పని. ఫిల్మ్‌నగర్ నుంచి కాస్ట్యూమ్ వాళ్ళు ఒక గుడ్డముక్క తెచ్చిస్తే, మా ఆయన అచ్చం అదే రంగు దించేవాడు.

నిరుడు ఆయన స్కూటర్ మీది నుంచి పడితే తలకు దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది, రంగులు పోయాయి. ఏది చూసినా బూడిద రంగే. కళ్ళు బాగానే ఉన్నాయని, మెదడులో రంగులను గుర్తుపట్టే చోటు దెబ్బతిన్నదని డాక్టర్ చెప్పారు. కలల్లో కూడా రంగు లేదట. పసుపు ఎట్లుంటుందో తలుచుకుందామన్నా రావట్లేదట. అన్నం, కూర కూడా బూడిదలాగే కనబడుతుంటే కంచం ముందు కూర్చుని ఏడ్చేవాడు.

పని నా మీద పడింది. ఒకరోజు నేను చీరను రంగులో ముంచుతున్నాను. ఆయన అటు తిరిగి కూర్చున్నాడు.

"జర ఆగు. నీలం ఎక్కువైంది" అన్నాడు.

నిజంగానే ఎక్కువైంది.

"నీకెట్ల తెలిసింది?"

"ఏమో. నువ్వు చూస్తుంటే నా తలకాయల వస్తున్నది."

నేను కళ్ళు మూసుకుని ఇంకో గుడ్డ ముంచి, ఇప్పుడేం రంగని అడిగాను. ఏం లేదన్నాడు. కళ్ళు తెరిచాను. "ఆకుపచ్చ" అన్నాడు, వెనక్కి తిరగకుండానే. వారం రోజులు ఇట్లాగే పరీక్షించాను. ఒక్కసారీ తప్పలేదు.

"బయటికి పొయ్యి మంచిగ చూసి రా" అని పంపేవాడు. పూలకొట్ల ముందు, పండ్ల బండ్ల ముందు ఊరికే నిలబడేదాన్ని. ఇంటికి రాగానే నేనేం చూశానో ఆయనే వరసగా చెప్పేవాడు. ఆ కాసేపే ఆయన మొహంలో కళ ఉండేది.

ఒక మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్‌లో బట్టలిచ్చి వస్తున్నాను. జూబ్లీహిల్స్ రోడ్డు మీద లారీ కింద ఒకామె పడి ఉంది. రోడ్డంతా రక్తం. మొహం తిప్పుకోవాలని తెలుసు. ఆయన గుర్తొచ్చాడు కూడా. అయినా నా చూపు అక్కడి నుంచి రాలేదు.

అంతలో పక్కింటి అక్క ఫోన్.

"జల్ది రా చెల్లే. మీ ఆయన 'ఎర్రగుంది, కండ్లు మూస్కో' అని మొత్తుకుంట కింద పడిపోయిండు."

ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. పాత దెబ్బ వల్ల మెదడులో మళ్ళీ రక్తం కారిందని డాక్టర్ అన్నారు. అదే అయ్యుండొచ్చు. కానీ ఆ రోజు నేను ఆయనతో ఫోన్‌లో కూడా మాట్లాడలేదు. నేనేం చూస్తున్నానో ఆయనకు చెప్పినవాళ్ళెవరూ లేరు.

మొహం తిప్పుకుని ఉంటే బతికేవాడా? ఎవరిని అడగాలో కూడా నాకు తెలియదు.