ఫింకెన్‌వైడె వారి ఇంటిపేరు

ఎదుటి మనిషి ఇంటిపేరు తెలియందే సుందరరామయ్యగారికి మంచినీళ్ళు కూడా గొంతు దిగవు. అసలు పేరు అక్కర్లేదు, ఉద్యోగం అక్కర్లేదు, ఎన్ని బెడ్‌రూముల ఇల్లో అక్కర్లేదు. ఇంటిపేరు కావాలి. అది ఎక్కడ పుట్టిందో కావాలి. ఆ పేరున్నవాళ్ళు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో, అందరూ కలిసి ఎంతమందో కావాలి. తెనాలి మునిసిపల్ ఆఫీసులో, జనన మరణాల సెక్షన్‌లో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసిన మనిషి. భార్య పోయాక కొడుకు కౌశల్, కోడలు నీలిమ ఆయన్ని మెల్‌బోర్న్ పడమటి కొసన టార్నీట్‌లో ఉన్న తమ ఇంటికి తెచ్చుకున్నారు. ఉద్యోగం తెనాలిలో ఆగిపోయింది గాని, అలవాటు మాత్రం ఆయనతో పాటే విమానం ఎక్కింది.

ఆ సంగతి నీలిమకి ఎయిర్‌పోర్టులోనే తెలిసింది. ఆయన్ని వెంటబెట్టుకు వచ్చింది ఆమే. కస్టమ్స్ అధికారి పెట్టె తెరిపించి, ఆవకాయ సీసా పైకి తీసి, ఇదేమిటని అడిగాడు. సుందరరామయ్యగారు దానికి జవాబివ్వలేదు. అతని చొక్కా మీది బిళ్ళ చదివి, బ్రౌన్ అంటే గోధుమరంగు కదా, మీ వంశంలో ఆ రంగు ఎవరిది, జుట్టుదా ఒంటిదా అని విచారించారు. నీలిమ కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచేసరికి, స్కాట్లండ్‌లో గొర్రెలు కాసిన తన ముత్తాత కథ అధికారి చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. వాళ్ళ వెనక వరసలో డెబ్భైమంది ఉన్నారు. ఆవకాయ క్షేమంగా ఇల్లు చేరింది.

డెంటిస్టు దగ్గర నోట్లో పరికరాలు ఉండగానే అడిగారు. పార్సిల్ తెచ్చినవాణ్ణి సంతకం పెట్టకుండా నిలబెట్టి అడిగారు. తెలుగువాళ్ళ వనభోజనాల్లో ఉప్పు వారిని, పప్పు వారిని, చింతకాయల వారిని వెతికి పట్టుకుని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, మిరియాల వారొకరు దొరికితే చారు పెట్టుకోవచ్చన్నారు. మిరియాల వారు ఊరికి ఉత్తరపు కొసన క్రేగీబర్న్‌లో ఉన్నారని ఎవరో చెబితే, ఆ మధ్యాహ్నమే ఫోన్ చేసి రమ్మన్నారు. వాళ్ళు వచ్చారు కూడా.

నీలిమ ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తుంది. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే. అందువల్ల ఈ కథలన్నిటికీ సాక్షి ఆమే. ఇక్కడివాళ్ళకి ఇలాంటి ప్రశ్నలు నచ్చవనీ, ఎవరి విషయాలు వాళ్ళవనీ ఎన్నోసార్లు నచ్చజెప్పింది. ఆయన శ్రద్ధగా విని, అలాగేనమ్మా అని, గడప దాటగానే మళ్ళీ మొదలుపెట్టేవారు.

వాళ్ళ వీధి చివర ఇంట్లో వాల్టర్ అనే ముసలాయన ఒంటరిగా ఉండేవాడు. ఎనభై నాలుగేళ్ళు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశాడు. వీధంతా వాలీ అంటారు. మూడేళ్ళ క్రితం భార్య పోయింది. అప్పటి నుంచి ఎవరినీ దగ్గరకి రానివ్వలేదు. కౌన్సిల్ వాళ్ళు భోజనం పంపుతామంటే వద్దన్నాడు. చర్చి నుంచి వచ్చినవాళ్ళకి తలుపు తీయలేదు. నీలిమ దీపావళికి లడ్డూలు పట్టికెళితే థాంక్స్ చెప్పి, తనకేమీ అక్కర్లేదని డబ్బా తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

ఓ రోజు సుందరరామయ్యగారు షికారుకి వెళ్ళి, ఆ ఇంటి ఉత్తరాల పెట్టె దగ్గర ఆగిపోయారు. దాని మీద వెలిసిన అక్షరాలతో ఫింకెన్‌వైడె అని ఉంది. పది నిమిషాలు అలాగే నిలబడి, వెళ్ళి తలుపు కొట్టారు. వెనకే పరుగెత్తిన నీలిమ గేటు దగ్గరికి చేరేలోపే మాటలు మొదలయ్యాయి.

"సార్, మీ ఇంటిపేరు ఎక్కడిది?"

"తెలీదు."

"ఆ పేరుతో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. నాతో సరి."

తలుపు మూసుకుంది. పీడ విరగడైందనుకుంది నీలిమ. ఆయన మాత్రం, ఆస్ట్రేలియా మొత్తానికి ఒకే ఒక్క మనిషట, అతను మన వీధిలో ఉన్నాడట అని లాటరీ తగిలినవాడిలా ఇంటికొచ్చారు. మర్నాడు పొద్దున్న పదింటికి నోటుపుస్తకంతో మళ్ళీ వెళ్ళారు. ఆ మర్నాడూ వెళ్ళారు. నాలుగోరోజు తలుపు తెరుచుకుంది.

అప్పట్నుంచి అదొక ఉద్యోగమైపోయింది. పది కొట్టేసరికి ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో ఇడ్లీల డబ్బా. సుందరరామయ్య అనే పేరు వాల్టర్ నోటికి ఎంతకీ తిరగలేదు. మొదటి ముక్క మాత్రం పట్టుకుని సండే అని పిలవడం మొదలుపెట్టాడు. ఈయన మాత్రం ఆ పేరులో ఒక్క అక్షరం కూడా తగ్గించకుండా, ప్రతిసారీ ఫింకెన్‌వైడె గారూ అనేవారు. బడిలో పిల్లలు తన పేరు చివర విరిచి వీడ్, కలుపుమొక్క అని ఏడిపించేవారని, ఇంత పొడుగ్గా తనని పిలిచింది తల్లి ఒక్కతేనని ఓసారి వాల్టర్ చెప్పాడు.

సంగతులు వారానికొకటి చొప్పున రాలిపడేవి. పూర్వీకుడొకడు జర్మనీ నుంచి ఓడలో వచ్చాడు. విమ్మెరా ప్రాంతంలో గోధుమ పండించాడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో జర్మన్ పేరుంటే ఊళ్ళో బతకనివ్వరని చిన్నతాతలంతా ఫించ్ అని మార్చుకున్నారు. వాల్టర్ తాత ఒక్కడే మార్చుకోలేదు. ఎందుకు మార్చుకోలేదంటే, గుర్తు లేదు సండే, ఆలోచించి చెబుతాను అనేవాడు వాల్టర్. ఆ ఆలోచనకి ఇంకో వారం పట్టేది.

ఇక్కడ ఇంట్లో భోజనాల గదిలో ప్రపంచపటం వెలసింది. నీలిమ బొట్టుబిళ్ళల అట్ట ఖాళీ అయింది. కౌశల్ కంప్యూటరులో వెతికిపెట్టిన లెక్క ప్రకారం ఆ పేరున్న ఇళ్ళు జర్మనీలో పంతొమ్మిది, బ్రెజిల్ దక్షిణాన ఆరు, అమెరికాలో రెండు. అన్నీ చిన్న బొట్లే. టార్నీట్ మీద మాత్రం పెళ్ళికూతురికి పెట్టేంత బొట్టు. ఆ ఇరవై ఏడు ఇళ్ళకీ సుందరరామయ్యగారు ఉత్తరాలు రాశారు, తెనాలి ఆఫీసు ఇంగ్లీషులో, "అయ్యా, తమ దివ్యసముఖమునకు" ధోరణిలో.

ఒక శనివారం నీలిమ సూప్ తీసుకుని వెళ్ళింది. వంశవృక్షం వాల్టర్ దాకా వచ్చి ఉంది. సుందరరామయ్యగారు అతని పేరు కింద గీత గీసి, పిల్లలు అని అడిగారు.

"ఒక్కడే. పీటర్," అన్నాడు వాల్టర్. కిటికీ వైపు చూస్తూ, "పంతొమ్మిదో ఏట పోయాడు. మోటార్ సైకిల్ మీద," అన్నాడు.

తేదీ, స్థలం, కారణం. ముప్ఫై నాలుగేళ్ళు రోజూ అడిగిన ప్రశ్నలు. సుందరరామయ్యగారు పెన్నుకి మూత పెట్టారు.

"మాకూ ఒక పాప ఉండేది," అన్నారాయన. "మా కౌశల్ కంటే ముందు. ఎనిమిది రోజులుంది. పేరు పెట్టకముందే పోయింది. రిజిస్టర్లో నా చేత్తో నేనే రాశాను. పేరు గడిలో గీత పెట్టాను. ఇంటిపేరు మాత్రం పూర్తిగా రాశాను. దానికున్నది అదొక్కటే."

ఈ సంగతి నీలిమకి తెలియదు. కౌశల్‌కి కూడా తెలియదని ఆ సాయంత్రం తెలిసింది. వాల్టర్ ఇడ్లీల డబ్బా దగ్గరికి లాక్కుని ఒకటి తాను తీసుకుని, ఒకటి ఆయన చేతిలో పెట్టాడు. ఇద్దరూ తిన్నారు. నీలిమ సూప్ అక్కడ పెట్టి, చప్పుడు చేయకుండా వచ్చేసింది.

చలికాలం వచ్చేసరికి వాల్టర్‌కి ఊపిరి అందడం కష్టమైంది. వారానికి రెండుసార్లు ఇంటికొచ్చి చూసే నర్సు స్నేహ వరంగల్ అమ్మాయి. ఆమె ఇంటిపేరు, పుట్టుపూర్వోత్తరాలు అప్పటికే నోటుపుస్తకంలో ఎక్కాయని వేరే చెప్పక్కర్లేదు. ఒకరోజు ఆమె ఫోన్ చేసి అంకుల్ గురించి మాట్లాడాలంది. జబ్బుమనిషిని విసిగిస్తున్నారని ఫిర్యాదేమో అనుకుని, నీలిమ ఇకమీదట పంపనని ముందే చెప్పేసింది.

"అయ్యో, ఆపకుండ్రి అక్కా," అంది స్నేహ. "అంకుల్ ముందల కూసుంటేనే ఆయన నాలుగు ముద్దలు తింటుండు. గోలీలు గూడ గంతే. ఇది మింగినంకనే తర్వాతి క్వశ్చన్ అంటడు అంకుల్."

ఆ వారంలోనే నీలిమ ఇంట్లో అందరూ వాడే టాబ్లెట్‌లో డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం వెతుకుతుంటే, మామగారి పేర వచ్చిన మెయిల్ ఒకటి కనిపించింది. జర్మనీలో ఒక పల్లెటూరి నుంచి, ఇర్మ్‌గార్డ్ ఫింకెన్‌వైడె అనే రిటైరైన టీచరు రాసింది. పేరు ఎలా పుట్టిందో రెండు పేజీల్లో వివరంగా ఉంది. ఫింకెన్ అంటే మన పిచ్చుకలాంటి పిట్టలు, వైడె అంటే బీడు, పిట్టలు వాలే బీడు పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్ళకి ఆ పేరొచ్చిందని ఆవిడ రాసింది. మెయిల్ వచ్చింది మార్చిలో. ఇప్పుడు ఆగస్టు. జర్మనీ నుంచి ఇంకా కబురు లేదని ఆయన వాల్టర్‌తో అనడం నిన్ననే నీలిమ చెవులారా వింది.

"మావయ్యగారూ, ఆ జవాబు ఎప్పుడో వచ్చిందిగా. ఆయనకి చెప్పలేదేం?"

సుందరరామయ్యగారు ఇడ్లీల డబ్బా తుడుస్తున్నారు. తుడవడం ఆపలేదు.

"చెప్పేస్తే రేపు పదింటికి ఏ నెపం పెట్టుకుని వెళ్ళమంటావమ్మా? ఊరికే ఇస్తే ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. నువ్వు లడ్డూలు ఇస్తే పుచ్చుకున్నాడా? అడిగితే మాత్రం ఇస్తాడు. అందుకని అడుగుతున్నాను."

డెంటిస్టు కుర్చీలో రెండు నిమిషాలు నోరు పట్టుకోలేని మనిషి, కావలసిన జవాబు చేతిలో ఉంచుకుని ఐదు నెలలుగా పెదవి విప్పలేదు. ఆ మర్నాటి నుంచి ఇడ్లీలు నీలిమే నాలుగు ఎక్కువ వేసింది.

సెప్టెంబర్‌లో వాల్టర్‌ని ఆస్పత్రిలో చేర్చారు. సుందరరామయ్యగారు రెండు బస్సులు మారి పదింటికే వెళ్ళేవారు. మూడోరోజున నీలిమ కూడా వెంట ఉంది. వాల్టర్ ముఖానికి గాలి గొట్టాలున్నాయి. మాట బాగా సన్నబడింది.

"జర్మనీ నుంచి ఏమైనా వచ్చిందా సండే?"

"ఇంకా లేదండీ ఫింకెన్‌వైడె గారూ. వచ్చేవారం రావచ్చు."

"తొందరేం లేదని రాయి వాళ్ళకి," అన్నాడు వాల్టర్.

తర్వాత గురువారం మధ్యాహ్నం పోయాడు. సుందరరామయ్యగారు మర్నాడు అలవాటుగా పదింటికి చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుని, గుమ్మం దాకా వెళ్ళి, తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నారు.

అంత్యక్రియలకి అయిదుగురున్నారు. ఈ ముగ్గురు, స్నేహ, పక్కింటాయన. కార్యక్రమం జరిపించే ఆవిడ కాగితం చూసి పేరు చదివింది. చివర వీడ్ అంది. సుందరరామయ్యగారు లేచి నిలబడి, వైడె అన్నారు. ఆవిడ క్షమాపణ చెప్పి మళ్ళీ తప్పే పలికింది. ఆయన మళ్ళీ, ఇంకాస్త నిదానంగా, చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించినట్టు పలికి చూపించారు. మూడోసారికి సరిగ్గా వచ్చింది. అప్పుడు కూర్చున్నారు. కౌశల్ తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

పదిరోజుల తర్వాత స్నేహ ఒక అట్టపెట్టె తెచ్చింది. దాని మీద సండేకి అని రాసి ఉంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆయనకి ఇవ్వమని వాల్టర్ ముందే చెప్పి ఉంచాడట. లోపల తోలు అట్టల జర్మన్ బైబిల్. దాని ముందు పేజీల్లో ఎనిమిది తరాల పేర్లు, పుట్టిన తేదీలు, పోయిన తేదీలు, ఓడ పేరుతో సహా ఉన్నాయి. నెలల తరబడి వాల్టర్ తల గోక్కుని గోక్కుని గుర్తు తెచ్చుకున్నదంతా అక్కడ తీరుగా రాసి ఉంది.

మధ్యలో రూళ్ళ కాగితం ఒకటి. అది వాల్టర్ చేతిరాత. ముప్ఫై ఒక్క పేర్ల జాబితా, చాలావాటి పక్కన తేదీలు. నీలిమ పైకి చదివింది.

"మార్చి తొమ్మిది. అత్త ఆగస్టా గురించి సండేకి చెప్పాను. యోహాన్‌ని వచ్చేవారానికి ఉంచాలి. మే రెండు. ఓడ పేరు మరిచిపోయానన్నాను, నమ్మాడు. జూన్ ఇరవై. తాత పేరెందుకు మార్చుకోలేదో ఇప్పుడే చెప్పకూడదు, కనీసం మూడు వారాలు లాగాలి."

సుందరరామయ్యగారు కాగితం అందుకుని తానే చదువుకున్నారు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకుని నీలిమ దగ్గరికి వెళ్ళింది. నవ్వుతున్నారు. నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. తేదీ పడని పేర్లు ఇంకా ఏడున్నాయి. ఆయన ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివారు.

అన్నిటికంటే అడుగున, పేరుకి అర్థం, ఇది చివరికి, అని ఉంది. దాని కింద వాల్టర్ తన తల్లి చెప్పిన మాట రాసి పెట్టాడు. వైడె అంటే ఏటి ఒడ్డున పెరిగే విల్లో చెట్టు. పిట్టలు వాలే చెట్టు కింద ఇల్లు కట్టుకున్నవాళ్ళు.

సుందరరామయ్యగారు తల ఎత్తారు. కౌశల్ నిఘంటువు చూసి, జర్మన్‌లో ఆ ఒక్క మాటకే రెండర్థాలూ ఉన్నాయని, రెండూ నిజమే కావచ్చని చెప్పాడు. ఆయన వినిపించుకోలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని, జేబులో పెన్ను ఉందో లేదో తడుముకుని, కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నారు.

"అమ్మా నీలిమా, ఆ జర్మనీ ఆవిడకి ఒక మెయిల్ పెట్టాలి. బీడు కాదట, మా ఫింకెన్‌వైడె గారు చెట్టంటున్నారని రాయి."