మోంతెబూయో అంటే మండిపడే ఒత్తోరినో

ఇటలీలో రోక్కాస్పీనా అనే ఊళ్ళో ఉండే ఒత్తోరినోకి లోయ అవతలున్న మోంతెబూయో అనే ఊరంటే ఒళ్ళుమంట. వడగళ్ళు పడితే అక్కడినుంచే వచ్చాయి. ఆలివ్ కాయలు పుచ్చిపోతే ఆ ఊరి పురుగే తొలిచింది. రోములో ప్రభుత్వం కూలిపోయిందంటే, మంత్రుల్లో ఎవడో ఆ ఊరి అల్లుడై ఉంటాడు. ఎందుకింత పగ అని అడిగితే, వందల ఏళ్ళ కిందట వాళ్ళు మన చర్చి గంట ఎత్తుకుపోయారనేవాడు, మొన్న మంగళవారం జరిగినంత కోపంగా. పైగా మనలా చప్పిడి రొట్టె తినకుండా, రొట్టెలో ఉప్పు వేసుకుంటారట. అలాంటివాళ్ళని మనుషులని ఎలా అంటామని ఆయన ప్రశ్న.

ఆయన మంగలి షాపు నడిపే రోజుల్లో ఒక పెద్దమనిషి గడ్డం గీయించుకోవడానికి కూర్చున్నాడు. ఒక చెంప పూర్తయ్యాక మాటల్లో తనది మోంతెబూయో అని చెప్పాడు. ఒత్తోరినో కత్తి తుడిచి పక్కన పెట్టేశాడు.

"రెండో చెంప మీ ఊళ్ళో గీయించుకో."

పాపం, ఆ మనిషి పెళ్ళికి వెళ్తున్నాడు. పెళ్ళికొడుకు కూడా ఆయనే.

ఇంకోసారి పన్నునొప్పి వచ్చింది. పళ్ళ డాక్టరు ఉన్నది మోంతెబూయోలోనే. దవడ బూరెలా పొంగేదాకా ఓర్చుకున్నాడు. చివరికి ఆయన అన్న కూతురు నీవెస్, ఊళ్ళో కాఫీ బార్ నడిపేది, బలవంతాన కారెక్కించి తీసుకెళ్ళింది. పన్ను పీకుతున్నంతసేపూ ఆ తెరిచిన నోటితోనే ఊరంతటినీ తిట్టాడు. మత్తుమందు కాస్త తక్కువే ఇచ్చారని నీవెస్‌కి ఇప్పటికీ అనుమానం. ఆమె మాత్రం డాక్టర్ని తప్పుపట్టలేకపోయింది.

ఈ ఏడాది ఆగస్టులో మోంతెబూయోకి నిజంగానే కష్టం వచ్చిపడింది. వాళ్ళ ఊరి దేవుడు సాన్ గౌదెంజో ఊరేగింపు ఆగిపోయేలా ఉంది. విగ్రహం బరువు, దాని కింద పల్లకీ ఇంకా బరువు. మోయగల కుర్రవాళ్ళంతా మిలానోకీ, తొరినోకీ ఉద్యోగాలకి పోయారు. మిగిలినవాళ్ళవి అరిగిన మోకాళ్ళు. ఒక్క ఏడాది దేవుడు బయటికి రాకపోతే పండగ ఇక శాశ్వతంగా పోయినట్టేనని అక్కడివాళ్ళ దిగులు. పోనీ పక్క ఊరిని సాయం అడుగుతారా? చచ్చినా అడగరు.

పండగ ముందు వాళ్ళు ఉత్త పల్లకీ ఎత్తి నడక సాధన చేస్తారు. బాల్కనీలోంచి దుర్భిణితో ఆ తడబాటు చూసి నవ్వుకోవడం ఒత్తోరినోకి ఏటా వినోదం. ఈసారి పల్లకీ చర్చి గుమ్మం ముందే పడి ఉంది, ఎత్తే నాథుడు లేడు. ఆయన ధుమధుమలాడుతూ బార్‌లోకొచ్చి బల్ల గుద్దాడు.

"సిగ్గులేని జనం. దేవుణ్ణి మోసుకోవడం చేతకాదు, అదీ ఒక ఊరేనా?"

నీవెస్‌కి ఒళ్ళు మండింది. "చాలించు బాబాయ్. వాళ్ళ పండగ పోతుంటే నీకు సంబరంగా ఉందా? ఇంత కుళ్ళు నీలో ఉందనుకోలేదు."

ఆయన కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

పండగ రోజు పొద్దున ఇంట్లో బాబాయ్ లేడు. ఆయనతో పేకాడే బృందమూ పత్తా లేదు. నీవెస్ అనుమానంగా దుర్భిణి తీసి చూసింది. మోంతెబూయో చర్చి గుమ్మంలోంచి సాన్ గౌదెంజో ఊగుతూ బయటికొస్తున్నాడు. పల్లకీ ముందు దూలం కింద, మొహం కందగడ్డలా చేసుకుని, ఒక్క క్షణం నోరు మూయకుండా ఒత్తోరినో. వెనకంతా రోక్కాస్పీనా మగవాళ్ళే. ఆమె కారు తీసి పరుగున వెళ్ళింది.

వీధులన్నీ ఆయన తిట్లతో మారుమోగుతున్నాయి. పల్లకీ వంకరట, రోడ్డు గతుకులట, బ్యాండు మేళం అపశ్రుతట. "నోరు మూసుకుని మొయ్యి" అంటున్నాడు ఆ ఊరి పల్లకీ పెద్ద గ్వాల్తియేరో, పక్క దూలం కింద రొప్పుతూ. కిటికీల్లో ముసలమ్మలు ఏడుస్తూ, నవ్వుతూ పూలు చల్లుతున్నారు.

దేవుడు క్షేమంగా తిరిగి చర్చి చేరాక నీవెస్ బాబాయ్ చెమట తుడిచింది. తొందరపడి అన్నానని ఒప్పుకుని, సాయం చెయ్యడానికొచ్చానని ముందే చెప్పొచ్చుగా అంది.

"సాయమా?" ఒత్తోరినో అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఈ దేవుడు లోపలే కూర్చుంటే ఈ ఊరు నాశనమైపోతుంది. ఆ తర్వాత నేనెవర్ని తిట్టుకోవాలి, చెట్లనా?"

గ్వాల్తియేరో భుజం రుద్దుకుంటూ దగ్గరికొచ్చాడు. "సెప్టెంబర్లో మీ పండగ కదా. మీకూ మనుషులు చాలరని తెలుసు. మేం వస్తున్నాం."

"ఎవరు పిలిచారు?"

"ఎవరూ పిలవలేదు. మీరెంత దరిద్రంగా మోస్తారో దగ్గర్నుంచి చూడాలని."

ఒత్తోరినో ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"పెందలాడే రండి మరి," అన్నాడు మండిపడుతూ. "మా దేవుడు మీ దేవుడికన్నా చాలా బరువు."