మందుతో మొలిచిన గడ్డం

ఆ రోజుల్లో గడ్డం లేని కుర్రాణ్ణి మా సిద్దిపేటలో ఎవరూ మగవాడి కింద జమకట్టేవారు కాదు. ఇరవై మూడేళ్ళు నిండినా నా చెంపలు తోమిన పళ్ళెంలా నున్నగా ఉండేవి. పైగా మా బాపుది మంగలి దుకాణం! ఊళ్ళో సగంమందికి గడ్డాలు గీసే మనిషికి, ఇంట్లో గీద్దామంటే గడ్డమే లేదు. "నీ మొదటి గడ్డం నేనే గీస్త కొడుకా, ఇంకోన్ని ముట్టనియ్య" అనేవాడు, గిరాకీల ముందరే నా గదుమ పట్టుకుని. (వాళ్ళు నవ్వేవాళ్ళు. నేను దువ్వెనలు కడిగే నెపంతో వెనక్కి జారుకునేవాణ్ణి.)

అంతలో బాపుకు లివర్ చెడింది. ఇక లాభం లేదని దవాఖానలో చెప్పి పంపారు. మంచంలో పడుకుని కూడా ఆయన అడిగేది ఒక్కటే: "ఏమన్న మొలిచిందారా?" నాకు గుబులు పట్టుకుంది. మందుల షాపులో పనిచేసే దోస్తు, బట్టతలకు రాసే మందు సీసా చేతిలో పెట్టి, "జరంతనే రాయి, సబర్ పట్టాలె" అన్నాడు. ఓపిక పట్టడానికి నాకు టైమెక్కడిది? రెండింతలు పట్టించాను. ముందు దురద, తర్వాత పొట్టు. "ఏందిరా, మొకం సున్నం రాలిన గోడ లెక్కయింది?" అంది అవ్వ. ఆ తర్వాత వెంట్రుకలు రానే వచ్చాయి, కానీ కళ్ళ కింద, చెవుల మీద, కనుబొమల నడుమ! (మందు దిండుకు అంటుకుని ముఖమంతా పాకిందట.) చాన్నాళ్ళకు గదుమ మీద కూడా నాలుగు నల్లబడ్డాయి.

బాపు వేళ్ళతో తడిమి చూసి చిన్నపిల్లవాడిలా మురిసిపోయాడు. "వచ్చిందిరో! కత్తి తేపో" అన్నాడు. తానే కుంచెతో నురగ పూశాడు. కత్తి తెరిచి నా గదుమ దాకా తెచ్చాడు. అక్కడే ఆపి, మడిచేశాడు. "ఇయ్యాల చెయ్యి మాట ఇంటలేదు బిడ్డా, రేపు గీస్త." నేను నురగ కడుక్కుని వచ్చేసరికి నిద్రపోయాడు. మళ్ళీ కత్తి పట్టలేదు.

బాపు పోయాక, దినాల నాడు కొడుకు తల, గడ్డం గీయించుకోవాలి కదా. దుకాణంలో బాపు పక్క కుర్చీ దగ్గర పనిచేసే కాక కత్తి పట్టుకుని, నా ముందు కూర్చుని, ఎంతకీ మొదలుపెట్టడు. "మీ అయ్య చెయ్యవలసిన పనిరా గిది" అని భోరుమన్నాడు. నేనూ ఏడ్చాను. నా మొదటి గడ్డం అలా గీశారు.

మందు మానేశాను, మళ్ళీ అంత గడ్డం రాలేదు. ఇప్పుడు దుకాణం నేనే నడుపుతున్నాను. గడ్డం రావడానికి ఏం రాయాలి అన్నా అని కుర్రాళ్ళు అడిగితే, "తొందరేందిరా, అదే వస్తది" అంటాను. అని, చెవుల మీద వెంట్రుకలతో తిరిగిన ఆ పిచ్చివాణ్ణి తలచుకుని నవ్వుకుంటాను. పాపం, వాడు తొందరపడకపోతే బాపు ఆ నాలుగు వెంట్రుకలైనా చూసేవాడు కాదు.