బాపు మచ్చు చూసిన ఆట

ఆ రోజుల్లో మా స్టేషన్ ఘన్‌పూర్‌లో కంప్యూటర్ ఉన్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో మాది ఒకటైనందుకు నాకున్న పొగరు అంతా ఇంతా కాదు. దుకాణం పనికని బాపు కొన్నాడు గానీ, దాని మీద అమ్మ కప్పిన పూల గుడ్డను తీసే ధైర్యం ఆయన నెలకోసారి కూడా చేయలేదు. కాబట్టి అది నాదే అని నాకు నేనే రాసిచ్చుకున్నాను. ఆ ఎండాకాలం నా తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయాయి. పదో తరగతి మొదలైన రోజు నుంచి దాని జోలికి పోవద్దని అమ్మ ముందే చాటింపు వేసింది. అంటే నాకు బతుకు మిగిలింది బడి తెరిచేదాకే. సరిగ్గా అప్పుడే వరంగల్‌లో చదివే మా పెదనాన్న కొడుకు ఒక ఆట సీడీ ఇచ్చి, బడి తెరిచే ముందు రోజు వచ్చి తీసుకుపోతానన్నాడు. డబ్బా మీద మండుతున్న పట్నం, తుపాకీ పట్టుకున్న మనిషి, మూలకు ఎర్రటి గుండ్రంలో పద్దెనిమిది అంకె. నాకప్పుడు పదిహేను. (నోటు పుస్తకాల మీద అంటించే పేరు చీటీ ఒకటి ఆ అంకె మీద అంటించి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఆ తెలివి నాకు రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది.)

ఇల్లు ఊడుస్తూ అమ్మ ఆ డబ్బా చూడనే చూసింది. మధ్యాహ్నం బాపు అన్నానికి రాగానే పంచాయితీ మొదలైంది. మంచంలో పడుకున్న నాయనమ్మ కూడా లేచి కూర్చుంది.

"గా పద్దెనిమిది ఏందే?"

"పద్దెనిమిది నిండినోళ్లే ఆడాల్నట నాయనమ్మా."

"అగో, ఆటకు గూడ పెండ్లీడు రావాల్నా! నాకు పన్నెండేండ్లకే పెండ్లి చేసిన్రు, అప్పుడెవ్వలన్న అడిగిన్రా?"

నాయనమ్మ నా దిక్కే అని నేను సంబరపడుతుండగానే అమ్మ అందుకుంది. "మీ బాపుకు చెప్పు, గిసొంటియి ఇంట్ల పెట్టుకుంటె పిల్ల ఖరాబైతదని." బాపు అక్కడే, మూరెడు దూరంలో, మజ్జిగ కలుపుకుంటున్నాడు. అయినా అమ్మ ఆయనతో చెప్పాల్సిన కష్టమైన మాటలన్నీ నా మీదుగానే పోయేవి. నేను బాపు దిక్కు తిరిగి, "విన్నవు గద," అన్నాను.

బాపు మజ్జిగ గిన్నె పక్కన పెట్టి, డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన పెసలు, కందులు, మక్కలు కొనే వ్యాపారి. బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి, పిడికెడు గింజలు అరచేతిలో పోసుకుని, ఒకటి పంటికింద కొరికి చూస్తే గానీ ధర మాట ఎత్తడు. దాన్నే మచ్చు చూడటం అంటారు. తెచ్చినవాడు ఇరవై ఏళ్ల నుంచి తెలిసిన రైతైనా సరే, పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నా సరే, మచ్చు మచ్చే. (తర్వాత కొన్నేళ్లకు నన్ను పెళ్లిచూపులు చూడటానికి వచ్చిన మా ఆయనకు కూడా దుకాణంలో తరాజు అప్పగించి, గింజలు తూయమని అరగంట నిలబెట్టాడు. ఆయన ఇప్పటికీ ఆ ముచ్చట తీసి నన్ను దెప్పుతుంటాడు.)

"మచ్చు చూసినంక చెప్త," అన్నాడు బాపు. "నేనే ఆడి చూస్త. అప్పటిదాంక నువ్వు ముట్టద్దు."

ఒక్క మధ్యాహ్నం పని అనుకున్నాను. ఎంత అమాయకురాలినో!

మర్నాడు మధ్యాహ్నం దుకాణం మూసి వచ్చి, అన్నం తిని, అద్దాలు తుడుచుకుని, దుకాణంలో గద్దె మీద కూర్చున్నట్టే కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నేను వెనకాల చేతులు కట్టుకుని నిలబడి ఏ గుండీ ఎందుకో చెప్పాలి, అంతే. మొదటి మూడు రోజులు ఆటలో ఆయన మనిషి ఒక గోడకు ముఖం ఆనించి నడుస్తూనే ఉన్నాడు. నాలుగో రోజు ఎలాగో రోడ్డు మీదికొచ్చి, కారెక్కి, ఎర్రలైటు దగ్గర ఆగాడు. వెనక బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి.

"బాపూ, అది ఆట! ఆటల ఎర్రలైటుకు ఎవ్వలు ఆగరు!"

"ఎవ్వలు ఆగకుంటె మనం గూడ ఆగద్దా?"

ఆ తర్వాత ఒక గోదాము దొరికింది. శత్రువులు దాక్కునే చోటు అది. బాపు మాత్రం అక్కడ పేర్చిన బస్తాల చుట్టూ రెండు రోజులు తిరిగాడు. "కింద చెక్కలు ఎయ్యలే సూడు. చెమ్మ ఎక్కి మాల్ అంత బూజు పడతది," అని తెగ బాధపడ్డాడు. ఎదురుగా ఒకడు తుపాకీ ఎత్తితే నేను "కాల్చు బాపూ, కాల్చు!" అని మొత్తుకునేదాన్ని. ఆయనేమో నింపాదిగా వెనక్కి తిరిగి, "వాడు నన్నేమన్నడు బిడ్డా?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న పూర్తయ్యేలోపే వాడు అనాల్సింది అనేసేవాడు. తెర ఎర్రబడేది. మంచంలోంచి నాయనమ్మ, "ఏమాయెరా, ఇయ్యాల గూడ సచ్చినవా?" అనేది. "సచ్చిన అవ్వా," అనేవాడు బాపు. "పోనీ తియ్యి, జర పండు," అనేది నాయనమ్మ. ఆయన నిజంగానే పోయి పడుకునేవాడు. నేను అక్కడే నిలబడి పళ్లు నూరేదాన్ని. ఇట్లా మే నెలంతా పోయింది. జూన్ కూడా వచ్చింది. ఏమైందని అడిగితే ఒకటే మాట: "మచ్చు ఇంక సరిగ చూడలే."

ఆఖరి రోజు రానే వచ్చింది. తెల్లవారితే వరంగల్ అన్న వచ్చి సీడీ పట్టుకుపోతాడు. నాకు ఒళ్లు మండిపోతోంది. ఆ రోజు బాపు ఆటలో ఒక దుకాణంలోకి పోయాడు. గల్లా వెనక ఒక ముసలాయన, వెనక అరల నిండా సీసాలు. నెల రోజుల్లో బాపుకు నచ్చిన మనిషి ఆయన ఒక్కడే. "సామాను మంచిగ సర్దిండు," అంటూ అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. చేతిలో తుపాకీ ఉంది (దాన్ని జేబులో పెట్టడం ఆయనకు ఎప్పుడూ రాలేదు).

"బాపూ, రేపు అన్నొస్తడు! ఒక్కసారన్న నొక్కు! అయ్యో, నొక్కు!" అంటూ ఆపుకోలేక చెయ్యి చాపి, మౌస్ మీదున్న ఆయన వేలిని నా వేలితో గట్టిగా నొక్కేశాను. ముసలాయన అరలకు తగిలి, సీసాలన్నీ మీద పడుతుండగా గల్లా వెనక్కి జారిపోయాడు. నేను చప్పట్లు కొట్టి పకపకా నవ్వాను. "అబ్బ, ఇప్పటికి కొట్టినవ్ బాపూ!"

బాపు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తెర దిక్కు కాదు, నా ముఖం దిక్కు చూశాడు. "దుకాణం తెరుసుకోని కూసున్నోడు," అన్నాడు మెల్లగా. లేచి, కంప్యూటర్ ఆపి, పూల గుడ్డ మూలలు సరిచేసి కప్పాడు.

"మచ్చు చూసిన బిడ్డా."

"ఎట్లున్నది?"

"ఆట మంచిగనే చేసిన్రు. నువ్వు నవ్వినవ్ సూడు, గది నాకు మనసున పట్టలే. మూడేండ్లు ఆగు."

నేను ఇల్లు పీకి పందిరేశాను. ఆ మాట మొదటి రోజే చెప్తే ఏం పోయేదని ఏడ్చాను. "మచ్చు చూడకుంట ఎట్ల చెప్త?" అన్నాడాయన, నిజంగా అర్థం కానట్టు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడేళ్లు నిండేసరికి ఆ ఆట పేరే మర్చిపోయాను. అది ఇంకా కోపం తెప్పించింది.

ఇప్పుడు భూపాలపల్లిలో మా ఇంట్లో పద్నాలుగేళ్ల బిడ్డ ఉంది. దానికో ఆట కావాలి. సీడీలు లేవు గానీ పద్దెనిమిది అంకె అట్లాగే ఉంది. "మా క్లాసుల అందరు ఆడుతున్రమ్మా," అంటుంది. తరాజు పట్టిన ఆయన్ని అడిగితే, "మీ ఇంటి పద్ధతి ఉన్నది గద, నువ్వే చూడు," అని తప్పుకున్నాడు. వారం రోజులుగా మధ్యాహ్నం పూట అద్దాలు తుడుచుకుని నేనే ఆడుతున్నాను. అది వెనకాల చేతులు కట్టుకుని నిలబడుతుంది. నాకు ఆట రాకపోవడమేమీ లేదు. నొక్కితే ఒక్క రోజులో తేలిపోతుంది. కానీ నొక్కాక నా బిడ్డ నవ్వుతుందేమోనని నాకు భయం. బాపుకు కూడా ఆ భయమే ఉండేదా, అందుకే నెల రోజులు గోడలకు గుద్దుకుంటూ తిరిగాడా అని అడుగుదామంటే ఆయన ఇప్పుడు లేడు.

ఇవాళ కూడా ఎర్రలైటు దగ్గర ఆగాను. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. నా కుర్చీ వెనక ఎవరో పళ్లు నూరుతున్నారు.