ఆరిన బురద

మా బావ ఇరవై రెండేళ్ళు బండి నడిపి బతికాడు గానీ, ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆయన కాలినడక గురించి చెప్పాలి. కొండలూ గుట్టలూ ఎక్కే పెద్ద బండ్లు అమ్మే షోరూం మాది. దాని వెనక ఖాళీ జాగాలో బావ పార పట్టుకుని, చెమటోడ్చి వేసిన ట్రాక్ ఒకటి ఉండేది. నిటారుగా ఒక మట్టిదిబ్బ, రాళ్ళగుట్ట, అడ్డంగా రెండు మొద్దులు, ఎర్రటి బురదగుంట, చివర ఒక మలుపు. కొనడానికి వచ్చినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ ట్రాక్ మీద ఒక చుట్టు తిప్పడమే బావ ఉద్యోగం. రోజూ పొద్దున్నే, షట్టర్లు తీయకముందే, చేతిలో ఇనప చువ్వ పట్టుకుని ట్రాకంతా నడిచేవాడు. అనుమానమున్న చోటల్లా చువ్వ గుచ్చి చూసేవాడు. నిన్నటి నేలని నమ్మి ఇవాళ బండి తోలేవాడు డ్రైవరే కాదనేవాడు. వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

నేను అదే షోరూంలో మెకానిక్కుని. ఉద్యోగం ఇప్పించింది బావే. అక్క మొగుడు కాబట్టి ఇప్పించాడని అందరూ అనేవాళ్ళు. కాదని ఎవడన్నాడు? పని చేతకానివాడినైతే బావే నన్ను మెడ పట్టి బయటికి గెంటేవాడు, అది మాత్రం ఎవడూ అనడు.

మా బండిని మేం దున్నపోతు అని పిలుచుకునేవాళ్ళం. ముప్పై ఏళ్ళుగా అదే ముఖం, అదే కుదుపు. ఎక్కడికైనా పోతుంది, ఏదైనా లాగుతుంది, కాకపోతే ఎక్కినవాడి వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూపిస్తుంది. దానికి పోటీయే లేదన్న ధీమాతో మా ఓనరు కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉండగా, రెండేళ్ళ కిందట రోడ్డుకి అవతలి వైపు ఇంకో కంపెనీ షోరూం తెరిచింది. అద్దాల గది మధ్యలో తళతళలాడుతూ కొత్త బండి. లోపల గోడంత తెర, వీపుని పట్టి కూర్చునే సీటు, దిబ్బ దిగేటప్పుడు తనంతట తానే బ్రేకు వేసుకునే ఏర్పాటు. దానికి మేం పెళ్ళికొడుకు అని పేరు పెట్టాం. "మట్టిలో మాకెవరు సాటి" అని మా ఓనరు బోర్డు పెడితే, ఎదుటివాళ్ళు మర్నాటికల్లా "మట్టి ఎక్కండి, నడుంనొప్పి మందులు మానండి" అని పెట్టారు. మధ్యలో టీకొట్టు. రెండు వైపుల వాళ్ళూ అక్కడే టీ తాగేవాళ్ళం. మీ బండి ఎక్కితే దేవుడు గుర్తొస్తాడని వాళ్ళు, మీ బండి ఎక్కితే నిద్రొస్తుందని మేము. మొదట్లో నవ్వుకునేవాళ్ళం. మా అమ్మకాలు సగానికి సగం పడిపోయాక మా వైపు నవ్వులు ఆగిపోయాయి.

ఇరవై రెండేళ్ళ కుదుపులు ఎక్కడికి పోతాయి? బావ నడుములోకి పోయాయి. బండి మానెయ్యమని డాక్టరు రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాడు. బావ ఆ సంగతి ఓనరుకి తెలియనివ్వలేదు. పాత బండ్ల నుంచి విప్పిన సీటుబెల్టులు నేను తెచ్చిస్తే, అక్క తన కుట్టుమిషను మీద వాటిని జతచేసి, ముందు వైపు బకిల్ పెట్టి, వెనక లాగి బిగించే పట్టీలతో ఒక నడుంబెల్టు కుట్టింది. రోజూ పొద్దున్న బావ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడేవాడు. అక్క ఆయన వీపుకి మోకాలు ఆనించి, రెండు చేతులా పట్టీలు లాగేది. "ఊపిరాడనిస్తావా, చంపుతావా?" అని ఆయన, "రెండూ కుదరవు, ఊరుకోండి" అని ఆవిడ. అది ఎవరికి వారు బిగించుకునేది కాదు, ఎంత లాగినా వదులుగానే ఉంటుంది. అది బిగిస్తేనే నడక. సీట్లో కూర్చోవడం ఎలాగోలా కూర్చునేవాడు గానీ, బెల్టు బిగియకపోతే పది అడుగులు కూడా వేయలేడు.

ఎదురు షోరూంలో బండి తిప్పి చూపించేది ఒక అమ్మాయి. ఐదారేళ్ళ కిందట మా ట్రాక్ మీద బావ దగ్గరే నేర్చుకుంది. ఆ కృతజ్ఞతకి ఒకరోజు ఆయన్ని పెళ్ళికొడుకులో కూర్చోబెట్టుకుని ఊరి బయటి రాళ్ళదారిలో తిప్పి తెచ్చింది.  ఎలా ఉందని అడిగితే బావ నాకొక్కడికే వినబడేట్టు, "నడుము నొప్పి పుట్టలేదురా" అన్నాడు. అంత నీరసంగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

అప్పుడొచ్చింది ఆ పందెం. అరవై మంది ఉన్న కార్ల క్లబ్బు ఒకటి, ఏ బండి కొనాలో తేల్చుకోలేక, రెండింటినీ ఒకే దారిలో నడిపితే చూసి చెబుతామంది. ట్రాక్ ఉన్నది మాకే కాబట్టి మా దగ్గరే అన్నారు. మా ఓనరు బావనీ నన్నూ గదిలోకి పిలిచి సంగతి తేల్చేశాడు. దున్నపోతు ఓడిపోతే ట్రాక్ ఎత్తేసి పార్కింగ్ చేస్తానన్నాడు. ట్రాక్ లేనప్పుడు తిప్పి చూపించే మనిషి దేనికని కూడా అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, మలుపులో ఎడమ వైపు నల్లమట్టి ఉన్న చోట నీళ్ళు పెట్టి మెత్తబరిచి, పైన పొడిమట్టి చల్లమన్నాడు. ట్రాకంతా ఎర్రమట్టే. ఒకప్పుడు అక్కడ గొయ్యి పడితే ఎక్కణ్ణించో తెప్పించిన నల్లమట్టితో పూడ్చారు. ఆ గొయ్యి లోతు సంగతి మా ముగ్గురికీ తప్ప ఎవరికీ తెలియదు. మలుపు ఎడమ నుంచి తీసుకోమనే బావ నేర్పాడు కాబట్టి ఆ అమ్మాయి అటు నుంచే వస్తుంది, దిగబడిపోతుంది, మనం కుడి నుంచి పోదాం అన్నది ఓనరు లెక్క.

బావ నిలబడే ఉన్నాడు. కూర్చుంటే లేవడం కష్టమని ఆ గదిలో ఎప్పుడూ కూర్చోడు.

"గొయ్యి తవ్వమంటే తవ్వుతానండీ. ఎంత లోతైనా తవ్వుతా. దాన్ని దాచిపెట్టమంటే మాత్రం నా వల్ల కాదు" అన్నాడు.

 పందెం ముందురోజు బావ డాక్టరు దగ్గరికని నాలుగింటికే వెళ్ళిపోయాడు. ఐదింటికి ఓనరు నన్ను పిలిచాడు. అందులో మోసమేముంది, అడ్డంకుల కోసమే కదా ట్రాకున్నది అన్నాడు. మీ బావ నడుము సంగతి నాకు తెలియదనుకున్నావా, ఈ ట్రాక్ పోతే ఆ నడుముతో ఆయనకి ఇంకెవడు పనిస్తాడు అన్నాడు.  నేను వెళ్ళి వాటర్ ట్యాంకరు పైపు పట్టుకున్నాను.

బావ కోసమే చేశానని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ అదే చెప్పుకుంటూ ఉంటాను, నమ్మేవాడు మాత్రం లేడు. బావకి చెప్పలేదు. చెప్పనక్కర్లేదనుకున్నాను. పొద్దున్నే నడుస్తాడు, చువ్వ గుచ్చుతాడు, తెలుసుకుంటాడు, నన్ను నాలుగు తిట్లు తిట్టి బండి కుడి వైపు నుంచి పోనిస్తాడు. ఆ ధైర్యంతోనే అంత పని చేశాను.

మర్నాడు పొద్దున్న ఆయన ముఖం చూడటానికి నాకు ముఖం చెల్లలేదు. దున్నపోతుని షెడ్డులో జాకీల మీదకి ఎత్తి, ఏదో బిగిస్తున్నట్టు దాని కిందకి దూరి పడుకున్నాను. కాసేపటికి ఆయన వచ్చి నా కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. మనవరాలికి జ్వరమని రాత్రే కబురొస్తే అక్క కూతురి దగ్గరికి వెళ్ళిందట.

"ఒరేయ్, కాస్త బెల్టు బిగిస్తావా?" అన్నాడు.

"పని మీదున్నాను బావా, తర్వాత" అన్నాను, బండి కింద నుంచే.

కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత ఆ చెప్పులు నెమ్మదిగా వెళ్ళిపోయాయి. నిజానికి నా చేతిలో పానా కూడా లేదు.

పదింటికి క్లబ్బు జనమంతా తాడు అవతల చేరారు. బావ దున్నపోతు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. నడిచొచ్చావా అని అడిగాను. నడిచానన్నాడు. ఆ మనిషి ట్రాక్ విషయంలో అబద్ధమాడగా నేనెప్పుడూ చూడలేదు, అందుకని నమ్మేశాను. బెల్టు వదులుగా ఉండి నాలుగడుగులు వేయలేక వెనక్కి వచ్చేశాడని తర్వాత తెలిసింది. ఓనరు ముందు నడుము సంగతి బయటపడకూడదని అలా అన్నాడు. ఆ అమ్మాయి మాత్రం పొద్దున్నే వచ్చి, ఆయన నేర్పినట్టే, చువ్వ తీసుకుని ట్రాకంతా నడిచింది. మలుపులో తడి తగిలిందట. మాస్టారికి తెలియకుండా ఈ ట్రాక్ మీద చుక్క నీళ్ళు పడతాయా, నాకు పరీక్ష పెట్టారు కాబోలు అనుకుందట.

ముందు ఎవరన్న మాట వస్తే ఆ అమ్మాయి పక్కకి తప్పుకుంది. "పెద్దవారు, మీరు కానివ్వండి మాస్టారూ" అంది.

బావకి గొయ్యి తడిపిన సంగతి తెలుసో లేదోనని ఓనరు నవ్వు ఆగిపోయింది. నేను మాత్రం నిబ్బరంగానే ఉన్నాను. నడిచానన్నాడు కదా.

దిబ్బ ఎక్కించాడు. అబ్బ, ఏం ఎక్కించాడు! చక్రాలు ఒక్కసారి కూడా జారలేదు. రాళ్ళగుట్ట దాటించాడు, మొద్దులు దాటించాడు, ఎర్రబురదలోంచి ఇవతలికి తీశాడు. జనం చప్పట్లు కొట్టారు. మలుపు దగ్గరికొచ్చాక ముందు చక్రాలు ఎడమకి తిరిగాయి. నా నోరు తెరుచుకుంది. ఓనరు నా పక్కనే ఉన్నాడు. ఎంత, రెండు క్షణాలు. ఆ రెండు క్షణాల్లో "కుడి" అన్న ఒక్క మాట నా గొంతులోంచి రాలేదు.

దున్నపోతు ఎడమ వైపుకి ఇరుసు దాకా కూరుకుపోయింది. ఎంత రేజ్ చేస్తే అంత దిగింది. చివరికి బావ ఇంజను ఆపి దిగాడు. మోకాళ్ళ దాకా నల్లబురదలో నిలబడి, వంగలేక వంగి, ఇంత మట్టి వేళ్ళతో తీసి నలిపి చూశాడు. తల ఎత్తి ఓనరుని చూశాడు, నన్ను చూశాడు. ఆ అమ్మాయి కుడి నుంచి పెళ్ళికొడుకుని తెచ్చి, తాడు కట్టి దున్నపోతుని బయటికి లాగింది. బావని చెయ్యి పట్టి తన సీటు పక్కన ఎక్కించుకుంది. అరవై మందీ ఫోన్లు ఎత్తి ఆ బొమ్మ తీసుకున్నారు. ఆ నెలలో మేం అమ్మింది రెండు బండ్లు.

నెల తిరక్కుండానే ట్రాక్ మీద కాంక్రీటు పోశారు. దిబ్బ చదునైపోయింది. బావని పంపేస్తే ఊళ్ళో మాటొస్తుందనేమో, ఓనరు ఆయన్ని అదే పార్కింగ్‌లో పెట్టాడు, ఏ బండి ఎక్కడ నిలపాలో చెయ్యి చూపించే పని మీద. నీడకి ఒక గొడుగు, కూర్చోవడానికి ఒక స్టూలు. పొద్దున్నే షట్టర్లు తీయకముందే వచ్చి, చువ్వ లేకుండా, ఆ కాంక్రీటు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి నడిచేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అలసిపోయిన మనిషిని ఏమడుగుతాం?

ఎదుటివాళ్ళు కబురు పెట్టారు, మా వైపు వచ్చి ట్రాక్ వేసిపెట్టమని. ఇంకో ట్రాక్ వేసే ఓపిక లేదన్నాడు. నేను రోజూ పదకొండింటికి టీ, ఒంటిగంటకి క్యారియరు పట్టుకెళ్ళి ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. నా టీ నేను తాగేవాణ్ణి, ఆయన టీ ఆయన తాగేవాడు. మూడు నెలలు అలాగే గడిచాయి.

ఒకరోజు క్యారియరు కోసం ఇంటికి వెళితే అక్క మూత బిగిస్తూ, "ఆయన పక్కన నువ్వున్నావు కాబట్టి సరిపోయిందిరా. బావమరిది బతక కోరతాడని ఊరికే అన్నారా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. దారంతా ఆ మాటే. పార్కింగ్‌కి వచ్చి, క్యారియరు కింద పెట్టి, కూర్చోకుండానే చెప్పేశాను. ట్యాంకరు, పైపు, పొడిమట్టి, బండి కింద పడుకోవడం, గొంతు పెగలకపోవడం, అన్నీ. చెబుతుంటే ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుంటూ, నాలుగు తన్ను బావా అన్నాను.

బావ క్యారియరు గిన్నెలు ఒక్కొక్కటే విప్పి స్టూలు మీద పెట్టాడు.

"తెలుసు" అన్నాడు. "బెల్టు బిగించమని వచ్చినప్పుడు నువ్వు బండి కిందున్నావు. నాకు కనబడింది నీ బూట్లే. వాటి నిండా నల్లబురద, ఆరిపోయి. షెడ్డులో ఉండేవాడికి బురదెక్కడిదా అనుకున్నా, అంతకన్నా ఆలోచించలేదు. గోతిలో దిగి మట్టి పట్టుకున్నాక తెలిసింది ఎక్కడిదో."

మూడు నెలలు. రోజుకి రెండు పూటలా నా చేత్తో ఇచ్చింది తిన్నాడు, తాగాడు.

"మరి అడగవేం బావా?"

"అడిగితే ఏం చేస్తావు? నేను నడిచానని చెప్పాను, నువ్వు పనిలో ఉన్నానని చెప్పావు. అక్కడికి చెల్లు. మీ అక్కకి మాత్రం చెప్పకు. పుట్టింటి వైపు దానికున్నది నువ్వొక్కడివే."

అప్పుడే ఎవరిదో కొత్త పెళ్ళికొడుకు గేట్లోంచి లోపలికొచ్చింది, తోడొచ్చినవాడి కోసం మా బండి ధర అడిగి పోదామని కాబోలు. బావ స్టూలు మీద నుంచి లేవబోయాడు. సగంలో ఆగిపోయి, పళ్ళ బిగువున గొడుగు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. నెమ్మదిగా నా వైపు వీపు తిప్పాడు. చొక్కా పైకెత్తాడు.

"బెల్టు వదులైందిరా. మోకాలు పెట్టి లాగు" అన్నాడు.

నేను ఆయన వీపుకి మోకాలు ఆనించి, రెండు పట్టీలూ పట్టుకుని లాగాను.

"ఇంకా" అన్నాడు.