పాట కింద గొంతు

నేను మంచు చూసింది టేపుల్లోనే. సింగపూర్‌లో, తంజోంగ్ పగార్ అనే పేటలో ఒక పాత భవనం ఆరో అంతస్తులో, ఏసీ చలికి స్వెట్టర్ వేసుకుని కూర్చుని, న్యూజిలాండ్ కొండల మీద మనుషులు కాళ్లకు స్కీలు కట్టుకుని గాల్లోకి దూకడం చూసి జీతం తీసుకునేదాన్ని. పేరు పక్కన ‘డాట్ కామ్’ అని ఉంటే చాలు, ఎవరి కంపెనీకైనా పెట్టుబడి దొరికే రోజులవి. మా వాళ్లు సాహస క్రీడల వీడియోల సైటు నడిపేవారు. ఇంజనీరింగ్ చదివి ఇదేం ఉద్యోగమే అని విజయనగరం నుంచి మా అక్క ఫోన్‌లో పడీపడీ నవ్వేది.

పని తేలికే. కెమెరామన్ పంపిన టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. దూకడానికి ముందు మూడు సెకన్లు, దిగాక రెండు సెకన్లు ఉంచి మిగతాది కోసెయ్యాలి. మాటలు తీసేసి పాట వెయ్యాలి. అదే రోజు టేపు చెరిపేసి తిరిగి పంపాలి. కొత్త టేపులు కొనడం మా మేనేజరుకి ప్రాణసంకటం.

అలా మూడు చలికాలాల పాటు ఒకతన్ని చూశాను. అతనిది పరుగు పందెం కాదు. గాల్లో ఎన్ని మెలికలు తిరిగాడు, ఎంత అందంగా దిగాడు అన్నదే ముఖ్యం. వీడియోలు బాగుంటేనే స్కీల కంపెనీలు అతన్ని పోషించేవి. అంటే అతని బతుకుతెరువు నా చేతిలోని మౌసు మీదుగా పోయేదన్నమాట. మొదటి ఏడు ఎవరిదో వదులు కోటు వేసుకుని, దూకిన ప్రతిసారీ పడ్డాడు. రెండో ఏడు టోపీ మీద ఒక కంపెనీ పేరు వచ్చింది. మూడో ఏడు చేతి తొడుగుల మీద కూడా పేర్లే, పైన హెలికాప్టర్ నుంచి చిత్రీకరణ. సైటు చూసేవాళ్లకు ఇదంతా తెలుసు. మంచులో కూర్చుని అతను మోకాలికి పట్టీ చుట్టుకోవడం, ఆ పట్టీ ఏటేటా లావెక్కడం నాకు మాత్రమే తెలుసు. అవి కోసేసేది నేనే కదా.

ఆఖరి టేపులో అతను కొండ అంచున నిలబడి, “ఇవాళ వద్దు. మోకాలు నిలవట్లేదు” అన్నాడు. “వెలుతురు పోతోంది” అన్నాడు కెమెరామన్. ఎద్దు పుండు కాకికి నొప్పా! అతను కాసేపు కిందికి చూశాడు. “మాటిచ్చాక వెనక్కి తగ్గకూడదంటుంది మా అమ్మ” అని, దూకాడు. అంత చక్కగా దిగడం నేనెప్పుడూ చూడలేదు. మూడు సెకన్లు, రెండు సెకన్లు. పాట వేశాను. టేపు చెరిపేశాను.

కెమెరా ఆపేశాక, మామూలుగా కిందికి జారి వస్తున్నప్పుడు ఆ మోకాలే మడత పడిందట. చెట్టుకు కొట్టుకున్నాడు. నేను పాట ఎంచుకుంటున్న పూట అతను ఆసుపత్రిలో ఉన్నాడు. పోయాడన్న కబురు ఆ తర్వాత మెయిల్‌లో వచ్చింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆ వీడియోని మాత్రం జనం ఎగబడి చూశారు.

నెల తర్వాత, మధ్యాహ్నం, అతని తల్లి ఆఫీసుకి ఫోన్ చేసింది. సైటులో నంబరు చూసి చేసిందట. వీడియో కోసింది నేనని తెలిసి, నెమ్మదైన ఇంగ్లీషులో అడిగింది.

“ఆ పాట కింద మా వాడి గొంతు ఉందా?”

లేదన్నాను.

“ఆ పొద్దున నాకు ఫోన్ చేశాడు. మోకాలు నొప్పి, మానేస్తానన్నాడు. మాటిచ్చాక వెనక్కి తగ్గొద్దన్నాను. వాడు వెళ్లింది నా మాట మీదేనా అని అడుగుతున్నాను. దూకే ముందు ఏమైనా అన్నాడా?”

“ఏమీ అనలేదండి. సంతోషంగా ఉన్నాడు. నవ్వుతున్నాడు” అన్నాను.

“మా వాడు దూకే ముందు ఎప్పుడూ నవ్వడమ్మా” అంది. కోపం లేదు ఆ గొంతులో. థాంక్యూ చెప్పి పెట్టేసింది.

నిజమే. మూడేళ్లలో ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆ తల్లి తర్వాత ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినదాన్ని నేనే.

మా టేపుల అల్మారా చూసుకునే అంకుల్ పక్కనే ఉన్నారు. మలేషియాలో పుట్టిన తెలుగాయన. తాతల నాటి మా వైపు మాటే ఆయన నోట ఇంకా మిగిలి ఉంది. టేపులో విన్నది కూడా నేను చెప్పగా అంతా విని, “ఏటమ్మా ఇది! తల్లికాడ అబద్ధమాడినావా? మల్లా ఫోన్ కొట్టు, ఉన్నదున్నట్టు సెప్పీ” అన్నారు. రోజూలా మకాన్‌కి, అంటే తిండికి, రమ్మని పిలవకుండా, ఆ రోజు ఒక్కరే భోజనానికి వెళ్లిపోయారు.

నంబరు రాసుకున్నాను, చెయ్యలేదు. ఏడాది తిరక్కుండా కంపెనీ మూతపడింది. ఆవిడ మనసు నొప్పించకూడదనే అలా అన్నానని చాలా ఏళ్లు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నిజం చెబితే, మరి టేపు ఏదీ అని అడుగుతుందని భయం. చెరిపేశానని చెప్పే ధైర్యం లేకపోయింది.

ఇప్పటికీ నేనుండే బుకిట్ పంజాంగ్‌లో, మా పేట చిన్న రైలు మలుపు తిరుగుతూ ఒక పక్కకి ఒరిగితే, “మోకాలు నిలవట్లేదు” అన్న మాట నా చెవి పక్కన వినిపిస్తుంది. కమ్మీ గట్టిగా పట్టుకుంటాను. ఆవిడ ఉందో లేదో తెలియదు. ఉంటే, కొడుకు ఆఖరున తనని తలుచుకున్నాడో లేదో తెలియకుండానే ఉంది. తలుచుకున్నాడు. ఆ మాట విన్నదాన్ని నేను, ఇక్కడే ఉన్నాను.