ఆరిన దీపాల దేశం

ఛాయాదేవి చెప్పేది తెలుగు. బల్కంపేట సందుల్లో, కింద పిండిమర, పైన మూడంతస్తుల తరగతులు ఉన్న ఆ ఇంగ్లీషు మీడియం బడిలో తెలుగు టీచరంటే పెళ్ళింట్లో పెద్దమ్మే. అందరూ పలకరిస్తారు, ఎవరూ సలహా అడగరు. తల్లిదండ్రుల మీటింగు రోజున లెక్కల సారు ముందూ, కంప్యూటర్ మిస్సు ముందూ వరస కట్టినవాళ్ళు ఆవిడ బల్ల దగ్గరికొచ్చేసరికి "తెలుగుదేముంది లెండి, ఇంట్లో మాట్లాడేదేగా" అని నవ్వేసి వెళ్ళిపోయేవారు. ఆ మాట వింటే తెనాలి ఆడపడుచుకు ఒళ్ళు మండదూ? ఆ మంట ఇంటికెళ్ళాక కూరలో కారంగా బయటపడేది. భర్త చక్రపాణి పంజాగుట్టలో ఒక ఆసుపత్రి బిల్లుల కౌంటర్లో కూర్చునేవాడు. అక్కడ రోజంతా నలుగురి మాటలూ పడి వచ్చి, ఇక్కడ ఆ కూర తిని, మంచినీళ్ళు తాగి పడుకునేవాడు. పాపం, మంచి మనిషి.

అలాంటి ఛాయాదేవి చేతికి ఒక ఇంగ్లీషు నవల రావడం మైత్రీవనం పుణ్యమే. ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల పేర్లే. డిగ్రీ అయినవాడూ కానివాడూ ఫైలు చంకన పెట్టుకుని ఆ కోర్సులు నేర్పే మైత్రీవనం మెట్లెక్కేవాడు. బడిలో ఇంగ్లీషు చెప్పే రవళి కూడా ఒకనాడు ఆ మెట్లెక్కింది. ఇక బడి ముఖం చూడలేదు. ఆరో తరగతికి వారానికోసారి వచ్చే కథల పీరియడ్ దిక్కులేనిదై, చివరికి ఛాయాదేవి నెత్తిన పడింది.

"ఏదో ఒకటి చెప్పి కూర్చోబెట్టండి మేడమ్ గారూ. కిందికి గోల వినబడకపోతే అదే పదివేలు" అన్నాడు హెడ్మాస్టరు చలపతిరావు.

రవళి సొరుగులో సగం చదివి వదిలేసిన పిల్లల నవల ఒకటి కనబడింది. నాకు ఇంగ్లీషు రాదనే కదా వీళ్ళందరి ఉద్దేశం, చూద్దాం అని పంతానికి పోయి దాన్ని ఇంటికి మోసుకెళ్ళింది. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో నిఘంటువు పట్టుకుని మొదలుపెట్టింది. మొదటి వారం పప్పు మాడింది. రెండో వారం పాలు పొంగిపోయాయి. మూడో వారానికి నిఘంటువు తెరవడం కూడా మర్చిపోయింది.

ఊరి చివర ఎండిపోయిన బావి. అందులోకి మెట్లు. ఆ మెట్లన్నీ దిగితే ఒక దేశం. లోకంలో ఎక్కడ ఏ దీపం ఆరినా నిజంగా ఆరిపోదట, ఆ దేశానికి చేరి అక్కడ వెలుగుతూనే ఉంటుందట. మనిషి పోయినా అంతే, వాళ్ళ దీపం అక్కడికే చేరుతుంది. తల్లి పోయిన ఒక పిల్ల, అమ్మ దీపాన్ని వెతుక్కుంటూ ఆ బావిలోకి దిగుతుంది. ఛాయాదేవి అక్కడ పుస్తకం మూసి చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చుంది. ఎవరో దొరసాని, ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో కూర్చుని ఇంత మాట ఎలా అనుకోగలిగింది!

మరుసటి వారం నుంచి ఆ కథ ఆరో తరగతిలో తెలుగులో నడిచింది. భూమి కింద ఒక లోకం ఉందంటే ఆ పిల్లలకు వింతగా తోచలేదు. బల్కంపేట ఎల్లమ్మ తల్లి కొలువున్నదే నేలకు దిగువన, బావిలో. బోనాలప్పుడు జనంలో నలిగి, మెట్లు దిగి చూసొచ్చినవాళ్ళే సగంమంది. అందుకని గోల చేయాల్సిన తరగతి గుక్క తిప్పుకోకుండా వినేది. కింద పిండిమర వాడు "ఇయ్యాల బడి లేదా?" అని అడిగాడంటే చూసుకోండి.

అందరికన్నా ఎక్కువ విన్నది ఉమైరా. వాళ్ళ నాన్న హాషం అమీర్‌పేటలో జిరాక్సు దుకాణంలో పనిచేసేవాడు. అంతకు ముందటి ఏడు ఆ పిల్ల తల్లి జబ్బుచేసి పోయింది. అప్పటినుంచి ఉమైరా నోరు విప్పడం మానేసింది. పేరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. అలాంటి పిల్ల ఈ కథ మొదలయ్యాక ఒకరోజు వరండాలో ఛాయాదేవి చీర కొంగు పట్టుకుని "తర్వాత ఏమైతది టీచర్?" అని అడిగింది. ఆ మాట విని ఛాయాదేవి అక్కడే నిలబడిపోయింది. తెలుగుదేముంది లెండి అన్నవాళ్ళందరినీ ఆ నిమిషాన పిలిచి చూపించాలనిపించింది ఆవిడకు.

అందుకే చివరి రోజున ఆ తప్పు జరిగింది. నవలలో ఆ పిల్ల అమ్మ దీపాన్ని కనుక్కుంటుంది, చేతుల్లోకి తీసుకుంటుంది, మళ్ళీ అక్కడే పెట్టేసి ఒంటరిగా పైకి వస్తుంది. ఛాయాదేవి అక్కడిదాకా చెప్పి తలెత్తి చూసింది. మొదటి బెంచీలో ఉమైరా గడ్డం కింద చేతులు పెట్టుకుని, రెప్ప వేయకుండా తననే చూస్తోంది. అసలు ముగింపు చెప్పడానికి ఆవిడకు మనసొప్పలేదు.

"అప్పుడు ఆ పిల్ల అమ్మ దీపాన్ని చున్నీలో దాచుకుని, మెట్లన్నీ ఎక్కి, ఇంటికి తెచ్చేసుకుంది" అని చెప్పేసింది.

తరగతంతా చప్పట్లు కొట్టింది. ఉమైరా మాత్రం కొట్టలేదు. ఆ తర్వాత నెలరోజులు, ఆవిడ ఎక్కడ కనబడితే అక్కడ ఆపి ఆ చివరి ముక్కే మళ్ళీ చెప్పించుకునేది. పిచ్చిపిల్ల, ఎంత సంతోషపడుతోందో అనుకుని ఛాయాదేవి ప్రతిసారీ ఇంకాస్త తీపి కలిపి చెప్పేది.

ఇంతలో చలపతిరావు ఒకరోజు నోరంతా నవ్వు చేసుకుని వచ్చాడు. బొంబాయి నుంచి ఒక నాటకం కంపెనీ వచ్చిందట, పంజాగుట్ట హాల్లో బడిపిల్లల కోసం పొద్దుటి ఆట వేస్తోందట. "మీరు చెప్పిన కథేనటండీ మేడమ్ గారూ! అందుకే మీ ఆరో తరగతినే పంపిస్తున్నా."

ఛాయాదేవి గుండెల్లో రాయి పడింది. సాయంత్రం పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చిన హాషంను పక్కకు పిలిచి, "చాలాసేపు చీకట్లో కూర్చోవాలండి, అంతా ఇంగ్లీషు. ఉమైరాను పంపకపోయినా ఫరవాలేదు" అని చెప్పి చూసింది.

"పంపకుంటె ఊకుంటదా మేడం?" అన్నాడు హాషం. "వాళ్ళ అమ్మీ పోయినకాడికెల్లి మాట్లాడని పోరి, మీ కథ ఇన్నంక జర మాట్లాడుతుంది. ఇంట్ల సుత గదే ముచ్చట, రాత్రి నిద్ర సుత పోతలేదు. మీరున్నరు గద, నాకేం ఫికర్ లేదు."

ఇంకేం చెబుతుంది? అసలు ముగింపు చూశాక ఆ పిల్ల మళ్ళీ మూగబోతే, అది తన నోటితో చేసిన పనే అవుతుంది. ఆ రాయి అలాగే గుండెల్లో పెట్టుకుని పిల్లలను బయల్దేరదీసింది.

ఒకరి చేయి ఒకరికి పట్టించి అమీర్‌పేట దాటించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మైత్రీవనం దగ్గర కరపత్రాలు పంచేవాళ్ళు ఆరో తరగతి పిల్లలనీ వదల్లేదు. అఫ్జల్ అనే అల్లరి గడుగ్గాయి జావా కోర్సు కరపత్రం నెత్తిన టోపీలా పెట్టుకుని నడిచాడు. దారి పొడుగునా ఛాయాదేవి ఉమైరా చేయి పట్టుకునే ఉంది. ఇప్పుడు చెప్పేద్దామా అనుకుంది. రోడ్డు దాటాక చెబుదామనుకుంది. రోడ్డు దాటారు. హాలు వచ్చేసింది.

హాల్లో దీపాలు ఆరాయి. పిల్లలందరూ ఒక్కసారి "హో" అన్నారు. తెర లేచింది, ఆ "హో" గొంతుల్లోనే ఆగిపోయింది.

ఛాయాదేవి నాటకాలు చూడని మనిషి కాదు. చిన్నప్పుడు తెనాలిలో పౌరాణిక నాటకాలు చూసింది, పద్యానికీ పద్యానికీ మధ్య నాన్న ఒళ్ళో నిద్రపోయింది. కానీ ఇది వేరు. రంగస్థలం మీద బావి లేదు. నీలం రంగు పట్టుబట్ట పైకప్పు నుంచి కిందిదాకా వేలాడుతోంది, అంతే. ఆ పిల్ల వేషం వేసినమ్మాయి ఒక తాడు పట్టుకుని దాని మధ్యలోంచి దిగడం మొదలుపెట్టింది. ఆమె దిగుతున్నకొద్దీ ఆ గుడ్డ లోతైంది, గోడలైంది, నాచు పట్టిన రాళ్ళైంది. ఎక్కడో నీటిచుక్క పడుతున్న చప్పుడు. చూస్తున్న ఛాయాదేవి అరికాళ్ళు చల్లబడ్డాయి. తాను కూడా దిగుతున్నాననిపించి కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గిప్పుడు ముసలాయన వస్తడు సూడు" అని అఫ్జల్ పక్కవాడికి గుసగుసలాడాడు. వచ్చాడు. దీపాల కాపరి. కర్రకాళ్ళ మీద, ఇద్దరు మనుషుల ఎత్తు, నేలమీద జీరాడే గడ్డం. పిల్లలు కుర్చీల్లో వెనక్కి నక్కారు. వాళ్ళకు ఇంగ్లీషు మాటల్లో సగం అందడం లేదు. అయినా ఏం, కథ వాళ్ళదే. "గా ముసలోడు మంచోడే", "పడవ వస్తది ఆగు" అని వరస వెంబడి తెలుగు పాకుతూ పోయింది. ముందు వరసలో టై కట్టుకున్న వేరే బడి పిల్లలు కూడా మెడలు వెనక్కి తిప్పి వినసాగారు.

ఆ తర్వాత దీపాల దేశం వచ్చింది. దాన్ని ఎలా చెప్పాలో ఛాయాదేవికి ఈనాటికీ తెలియదు. నల్లబట్టలు కట్టుకున్న మనుషులు, చీకట్లో మనుషులే కనబడకుండా, పొడుగాటి కర్రల చివర చిన్నచిన్న దీపాలు పట్టుకుని హాలు నాలుగు మూలల నుంచీ నడిచి వచ్చారు. తల మీద దీపాలు, పక్కన దీపాలు, పైకప్పు దాకా దీపాలు. పుస్తకంలో ఆ వాక్యం చదివినప్పుడు ఆవిడ కార్తీకమాసంలో గుడి ముందు వరసలు ఊహించుకుంది. అదెంత చిన్న ఊహో ఇప్పుడు తెలిసింది. ఒక దీపం ఆవిడ మొహం ముందునుంచే సాగిపోయింది. తన చిన్నప్పుడే పోయిన నాన్న గుర్తొచ్చాడు. ఎక్కడో ఒకటి ఆయనదై ఉంటుంది అనిపించి, పెద్దమనిషి, టీచరమ్మ, నోరు తెరుచుకుని చంటిపిల్లలా పైకి చూస్తూ ఉండిపోయింది. తానెందుకు భయపడుతోందో కూడా మర్చిపోయింది.

మళ్ళీ గుర్తొచ్చేసరికి ఆ పిల్ల అమ్మ దీపాన్ని చేతుల్లోకి తీసుకుంది. కాపరి వంగి, తీసుకెళ్ళాలంటే తీసుకెళ్ళు, కానీ పైన గాలి ఉంటుంది అన్నాడు. ఛాయాదేవి పక్కనే ఉన్న ఉమైరా చేతిని పట్టుకుంది. ఉమైరా కళ్ళు మూసేద్దామా అనిపించింది. రంగస్థలం మీది పిల్ల దీపాన్ని చెంపకు ఆనించుకుంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత దాన్ని మెల్లగా మిగతా దీపాల మధ్య పెట్టేసి తాడు వైపు తిరిగింది.

"గట్ల కాదు!" అని అఫ్జల్ లేచి నిలబడి అరిచాడు. "తీస్కపోతది! ఇంటికి తీస్కపోతది!"

ఎవరో హుష్ అన్నారు. చీకట్లో ఆరో తరగతి తలలన్నీ తన వైపు తిరగడం ఛాయాదేవికి తెలుస్తూనే ఉంది. ఒక్క ఉమైరా తిరగలేదు. ఆ పిల్ల తన చేతిని ఛాయాదేవి చేతిలోంచి మెల్లగా విడిపించుకుంది. అయిపోయింది అనుకుంది ఆవిడ.

రంగస్థలం మీది పిల్ల పైకి ఎక్కుతూ ఉంటే కింద ఆ దీపాలన్నీ ఒక్కటొక్కటిగా ఇంకా పెద్దవవుతూ వచ్చాయి. ఆమె కనుమరుగయ్యేసరికి హాలంతా పట్టపగలంత వెలుగు. చప్పట్లు లేవు. వెనక వరసల్లో ఎవరో వెక్కుతున్నారు. ఎంతోసేపటికి గానీ చప్పట్లు మొదలవలేదు, మొదలయ్యాక ఆగలేదు.

బయటికి వచ్చారు. పంజాగుట్ట చౌరస్తా హారన్లు ఒక్కసారిగా మీదపడ్డాయి. హాలు మెట్ల మీద పిల్లలు ఛాయాదేవిని చుట్టుముట్టారు.

"ఆల్లు తప్పు జేసిండ్రు గద టీచర్?" అన్నాడు అఫ్జల్. "కథ సక్కగ తెల్వక మార్చిండ్రు గద?"

ఎంత తేలికైన దారి! ఔననేస్తే చాలు. బొంబాయి వాళ్ళు బల్కంపేట వచ్చి వాదించబోతారా? ఔను అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అంత వెలుగు చూసి వచ్చిన కళ్ళతో ఆ మాట అనడం ఆవిడ వల్ల కాలేదు.

"లేదురా" అంది. "వాళ్ళు చూపించిందే అసలు కథ. మార్చింది నేను."

అఫ్జల్ నెత్తిమీది కరపత్రం టోపీ తీసేశాడు. ఛాయాదేవి ఉమైరా ముందు మెట్టు మీద కూర్చుంది, ఆ పిల్ల ముఖం తన ముఖానికి ఎదురుగా వచ్చేలా.

"ఉమైరా, నీ కోసమే మార్చానమ్మా. నువ్వు బాధపడతావని. నా మీద కోపం వచ్చిందా?"

ఉమైరా తల అడ్డంగా ఊపింది. కాసేపు పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

"మీ కథల ఇంటికి తెచ్చింది గద టీచర్" అంది ఉమైరా చివరికి. "తెచ్చినంక గాలొస్తె? మా ఇంట్ల కిటికీ సక్కగ పడదు. ఒకసారి ఆరినంక గా దేశానికి పోయింది. మళ్ళొకసారి ఆరితె ఇంక ఏడికి పోతది?"

ఛాయాదేవికి అప్పుడు తెలిసింది. నెలరోజులుగా ఈ పిల్ల తనను ఆపి ఆపి అడిగింది సంతోషంతో కాదు. ప్రతిసారీ తాను కలిపిన తీపి, ఆ చిన్న గుండెలో ఇంకాస్త భయమే పోసింది. తన ఇంగిత జ్ఞానమంతా ఏమైందోనని సిగ్గుపడింది ఆవిడ. అంతకన్నా, పదకొండేళ్ళ పిల్ల ఎవరికీ చెప్పకుండా ఒక దీపానికి ఇన్నాళ్ళు ఒంటరిగా కాపలా కాసిందంటే, ఆ పిల్లకే చేతులెత్తి మొక్కాలనిపించింది.

"గాడనే పెట్టి వచ్చింది, మంచిగ జేసింది" అంది ఉమైరా. ఆ మాట అంటూ, నెలరోజుల తర్వాత మొదటిసారి, నోరారా ఆవులించింది. "గాడ గాలి లేదు గద. ఇయ్యాల నాకు నిద్రవడ్తది టీచర్."